గోల కాదు, హోరు: '77 లైవ్' గురించి కొంచెం పొడుగ్గా

ఒకరోజు ఆఫీసు నుంచి వస్తూ కింద ఉత్తరాల పెట్టె తీస్తే ఒక కాగితం ఉంది. మా బిల్డింగ్‌లో అందరి పెట్టెల్లోనూ అదే కాగితం. ఎవరి పేరూ లేదు, ఫ్లాట్ నంబరూ లేదు. ఈ మధ్య రాత్రిపూట కొన్ని ఇళ్ల నుంచి శబ్దం వస్తున్నట్టు తెలిసింది, అందరం ఒకరి గురించి ఒకరం కాస్త ఆలోచిద్దాం అని చాలా మర్యాదగా, రెండు చోట్ల క్షమించమని అడిగి మరీ రాశారు. టోక్యోలో తిట్టడం అంటే ఇలాగే ఉంటుంది. బిల్డింగ్ మొత్తానికి కాగితాలు పంచుతారు, తగలాల్సిన ఒక్కడికి తగులుతుంది. తగిలింది. లిఫ్ట్‌లో పక్కింటాయన నన్ను చూసి ఎప్పటికంటే కొంచెం ఎక్కువ వంగి నమస్కారం పెట్టాడు, అప్పుడు అర్థమైంది.

అంతకు రెండు రోజుల ముందు ఇంట్లో ఎవరూ లేరు కదా అని స్పీకర్లలో పెట్టి విన్నది 'లే రాలీజ్ దెన్యుదె' అనే బ్యాండ్ వాళ్ల '77 లైవ్'. ఇప్పుడు దాని గురించే రాస్తున్నా. ఈ ఆల్బమ్ గురించి తెలుగులో మాట్లాడుకునే మనిషి నాకు ఒక్కడు కూడా దొరకలేదు. మా ఆవిడ వినదు (విని, 'ఇది ఎప్పుడు మొదలవుతుంది?' అని అడిగింది, అప్పటికి పదకొండు నిమిషాలైంది). స్నేహితులకి పంపితే ఫైలు పాడైనట్టుంది, మళ్లీ పంపు అన్నారు. కాబట్టి ఇక్కడ.

ముందు వీళ్లెవరో చెప్పాలి. 1967లో క్యోటోలో, దోషిషా యూనివర్సిటీలో మొదలైన బ్యాండ్. నడిపింది తకాషి మిజుతాని, గిటారు, గొంతు రెండూ ఆయనవే. పేరు చూడటానికి ఫ్రెంచిలా ఉంటుంది కానీ 'రాలీజ్' అనే మాట ఫ్రెంచిలో లేదు, వీళ్లు పుట్టించిందే. జపనీస్‌లో 'హదకా నో రాలీజ్' అంటారు, హదకా అంటే బట్టల్లేని. మొదటి నుంచి చివరి దాకా ఈ బ్యాండ్‌లో మారనిది మిజుతాని ఒక్కడే. మిగతా వాళ్లు వచ్చారు, పోయారు. నల్లబట్టలు, నల్లకళ్లద్దాలు, భుజాల మీదికి జుట్టు, ఫొటోల్లో ఎప్పుడూ అదే అవతారం. స్టేజి మీద మిర్రర్‌బాల్, స్ట్రోబ్ లైట్లు పెట్టి, వాటి మధ్య చెవులు చిల్లులు పడే సౌండుతో వాయించేవాళ్లు.

వీళ్ల గురించి ఎవరు రాసినా మొదట చెప్పేది విమానం కథ. నేనూ చెప్పేస్తా, చెప్పి పక్కన పెడదాం. బ్యాండ్ మొదలైనప్పుడు బేస్ గిటారు వాయించినవాడు మోరియాకి వాకబయాషి. 1970 మార్చి 31న టోక్యో నుంచి ఫుకుఓకా వెళ్లే జపాన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని ఎర్ర సైన్యం అనే తీవ్ర వామపక్ష గుంపు కుర్రాళ్లు తొమ్మిది మంది హైజాక్ చేశారు. ఆ తొమ్మిది మందిలో వాకబయాషి ఒకడు. చేతుల్లో జపాన్ కత్తులు, తర్వాత చూస్తే అవి బొమ్మకత్తులట. ఉత్తర కొరియా పోనివ్వమన్నారు. మధ్యలో విమానాన్ని సియోల్‌లోని గింపోలో దింపి, అదే ప్యోంగ్యాంగ్ అని నమ్మించడానికి ఎయిర్‌పోర్టుకి వేషం వేశారు. కుర్రాళ్లు పసిగట్టేశారు. చివరికి ఒక జపాన్ ఉపమంత్రి బందీగా వస్తానని ముందుకొస్తే ప్రయాణికులందరినీ వదిలి ప్యోంగ్యాంగ్ వెళ్లిపోయారు. మిజుతానిని కూడా రమ్మన్నారని, ఆయన కాదన్నాడని అంటారు.

సినిమాకి సరిపోయే కథే, ఒప్పుకుంటా. కానీ నాకు దీంతో ఒక పేచీ ఉంది. ఈ కథ విన్నాక పాట వింటే ప్రతి మోతలోనూ బాంబులు, ప్రతి నిశ్శబ్దంలోనూ పోలీసులు వినపడతారు. గిటారు ఎందుకు అలా అరుస్తోందంటే 'మరి విమానం...' అనేస్తాం. అక్కడితో వినడం ఆగిపోతుంది. నాకూ మొదటి ఏడాది అలాగే జరిగింది, కథే విన్నాను, ఆల్బమ్ వినలేదు. మిజుతాని కళ్లద్దాల గురించి, మాయమైపోవడం గురించి నాకు బోలెడు తెలుసు. అదే ఆల్బమ్‌లో బేస్ ఎవరు వాయించారో తెలుసుకోవడానికి మూడేళ్లు పట్టింది.

ఇంకో సంగతి. 1967 నుంచి 1991 దాకా వీళ్లు సొంతంగా ఒక్క ఆల్బమ్ కూడా బయటికి తేలేదు. ఇరవై నాలుగేళ్లు! 1973లో టోక్యోలోని కిచిజోజిలో ఓజ్ అనే చిన్న హాలు మూతపడుతున్నప్పుడు అక్కడ వాయించిన కొన్ని బ్యాండ్లు కలిసి ఒక డబుల్ ఎల్పీ తెస్తే, అందులో వీళ్లకి ఒక పక్క దక్కింది. అంతే. ఈ లోపు అభిమానులు కచేరీల్లో రికార్డు చేసుకున్న టేపులు చేతులు మారాయి, వాటి నుంచి దొంగ ఎల్పీలు, దొంగ సీడీలు పుట్టుకొచ్చాయి. చివరికి 1991లో ఒకేసారి మూడు సీడీ ఆల్బమ్‌లు వచ్చాయి. వాటిలో మూడోది ఈ '77 లైవ్'. అవి కూడా తక్కువ కాపీలే, చూస్తుండగానే అయిపోయి, ఆ తర్వాత పాత సీడీల షాపుల్లో బంగారం ధరకి వెళ్లాయి.

అంటే ఈ బ్యాండ్ విషయంలో లైవ్ ఆల్బమ్ అంటే మనం మామూలుగా అనుకునేది కాదు. మామూలుగా స్టూడియోలో చేసిన పాట ఒకటి ఉంటుంది, లైవ్‌లో దాన్ని కొంచెం అటూ ఇటూ చేసి పాడతారు, జనం ఈలలు వేస్తారు, మనకి అసలు పాట ముందే తెలుసు కాబట్టి తేడా చూసి ముచ్చటపడతాం. ఇక్కడ పోల్చుకోవడానికి అసలు అనేది లేదు. 1977 మార్చి 12 సాయంత్రం టోక్యోకి పడమటి పక్కన తచికావాలో ఒక సామాజిక విద్యా భవనంలో ఏం వాయించారో అదే పాట. ఆ భవనం పేరు వింటే నాకు నవ్వొస్తుంది. పేరుని బట్టి పెద్దవాళ్లు కుట్లు, అల్లికలు, ఇంగ్లీషు నేర్చుకోవడానికి, కాలనీ మీటింగ్ పెట్టుకోవడానికి వెళ్లే సర్కారు భవనం అన్నమాట. అలాంటి చోట ఈ మోత.

నేను మొదట విన్నది యూట్యూబ్‌లో, ఎవరో దొంగ సీడీ నుంచి ఎక్కించింది. రాత్రి పదకొండింటికి, తూర్పు వైపు వెళ్లే తోజాయ్ లైన్ రైల్లో, చవక ఇయర్‌ఫోన్లలో. నాలుగు నిమిషాలు విని తీసేశాను. చెవిలో ఎవరో ఇసుక పోసినట్టు ఉంది. మళ్లీ ఆరు నెలల దాకా జోలికి పోలేదు.

మళ్లీ ఎందుకు విన్నానో చెప్పాలంటే మా ఊరి రైస్ మిల్లు దగ్గరికి వెళ్లాలి. తెనాలి పక్కన. మా నాన్న అందులో గుమాస్తా. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం నాన్నకి క్యారేజీ నేనే పట్టుకెళ్లేవాణ్ణి. మిల్లు లోపల మనిషి మాట మనిషికి వినపడదు, అంతా సైగలే. బయట గేటు దగ్గర నిలబడితే అది ఒకటే మోత. లోపలికెళ్లి ఒక పావుగంట బస్తాల మీద కూర్చుంటే మాత్రం అదే మోత విడిపోయేది. బెల్టు తిరిగే 'డబ్ డబ్ డబ్' ఒకటి కింద ఉండేది, దాని మీద జల్లెడ ఊగే చప్పుడు, ఆ పైన ధాన్యం జారే సన్నటి 'ష్ష్ష్'. ఇంకాసేపు కూర్చుంటే ఆ 'ష్ష్ష్'లో పాటలు వినపడేవి, నిజంగా, రేడియోలో వచ్చే పాటలు, ఎవరూ వెయ్యకపోయినా. మా నాన్న లెక్కలు రాసుకుంటూ తల ఎత్తకుండానే 'బెల్టు జారుతోందిరా' అని గుర్తుపట్టి, డ్రైవర్‌కి చెయ్యి ఊపేవారు. నాకు ఏం తేడా వినపడేది కాదు. ఆయనకి వినపడేది.

మన భాషలో చప్పుడుకి ఎన్ని మాటలున్నాయో చూడండి: గోల, రొద, మోత, రచ్చ, హోరు. బజార్లో ఉండేది గోల. చెవి పక్కన ఉండేది రొద. సముద్రానిది హోరు, గాలివానది హోరు, మిల్లుది కూడా హోరే. హోరులో నిద్రపోవచ్చు, గోలలో పోలేం. జపనీస్‌లో ఇంటికొచ్చిన ఆ కాగితం మీద 'సోఓన్' అని ఉంది, అంటే ఇబ్బంది పెట్టే శబ్దం. సంగీతంలో నాయిస్ అనే మాటకి మాత్రం వాళ్లు 'నోయిజు' అనే అంటారు, ఇంగ్లీషు మాటే. నన్నడిగితే ఈ ఆల్బమ్‌కి సరైన మాట మనకే ఉంది. ఇది గోల కాదు, హోరు. దీన్ని గేటు దగ్గర నిలబడి వినకూడదు. లోపలికొచ్చి బస్తా మీద కూర్చోవాలి.

రెండోసారి విన్నప్పుడు గిటారుని వదిలేసి బేస్ ఒక్కటే పట్టుకున్నాను. అప్పుడు తలుపు తెరుచుకుంది. ఏడు పాటలు, రెండు సీడీలు, గంటన్నర పైనే. ఏ పాటైనా తీసుకోండి, బేస్ ఒక చిన్న ముక్క మొదలుపెడుతుంది, మూడో నాలుగో స్వరాలు, ఇక పాట అయ్యేదాకా అదే. మారదు. పెరగదు. సొగసుకి ఒక్క స్వరం కూడా ఎక్కువ వెయ్యడు. బేస్ వాయించినాయన పేరు హిరోషి, డ్రమ్స్ తోషిరో మిమాకి, రెండో గిటారు తకేషి నకామురా. పైన మిజుతాని గిటారు ఇల్లు కూల్చేస్తుంటే, కింద ఈ ముగ్గురూ ఏమీ జరగనట్టు నడుస్తూనే ఉంటారు. మొదట బేస్ వాయించినవాడు విమానమెక్కి ఉత్తర కొరియా వెళ్లిపోయాడు, ఈయన మాత్రం ఉన్నచోటి నుంచి అంగుళం కదల్లేదు. నాకు ఈయనే హీరో.

రెండో పాట, 'హంతకుల రాత్రి' అని చెప్పుకోవచ్చు తెలుగులో, అందులో బేస్ వినండి. ఎక్కడో విన్నట్టుంటుంది. 1963లో లిటిల్ పెగ్గీ మార్చ్ అనే పదిహేనేళ్ల అమ్మాయి పాడి అమెరికాలో నంబర్ వన్ అయిన 'ఐ విల్ ఫాలో హిమ్' పాట నడక అది, దాదాపు అదే. ప్రియుడు ఎక్కడికెళ్తే అక్కడికి వెళ్తానని చప్పట్లు కొట్టుకుంటూ పాడే బబుల్‌గమ్ పాట. దాని నడుముని తీసుకొచ్చి నెమ్మది చేసి, చీకట్లో పెట్టి, దాని మీద పన్నెండు నిమిషాలు నిప్పు పోశారు. వేళాకోళానికి చేశాడా, ఇష్టంతో చేశాడా అని మొదట్లో ఆలోచించేవాణ్ణి. ఇప్పుడు ఇష్టమే అనిపిస్తోంది. వేళాకోళం పన్నెండు నిమిషాలు నిలబడదు.

ఇక ఆ నిప్పు సంగతి. గిటారు ఫీడ్‌బ్యాక్ అంటే ఏమిటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, చిన్నప్పటి నుంచి తెలుసు. పెళ్లి పందిట్లో మైక్‌సెట్ వాడు 'హలో మైక్ టెస్టింగ్, హలో' అనగానే 'కూఊఊ' అని ఒక కీచు లేస్తుంది, ముసలాళ్లు చెవులు మూసుకుంటారు, వాడు పరిగెత్తుకెళ్లి ఏదో తిప్పుతాడు. మైకులోకి వెళ్లిన చప్పుడు హారన్‌లోంచి వచ్చి మళ్లీ మైకులోకే దూరి, తిరిగి తిరిగి బలిసిపోవడం వల్ల వచ్చే కీచు అది. గిటారుకీ అంతే, ఆంప్‌లోంచి (గిటారు సౌండు పెంచే పెట్టె) వచ్చే సౌండు తగిలి తీగ దానంతట అదే మోగుతుంది, ఆ మోత మళ్లీ ఆంప్‌లోకి వెళ్తుంది. తేడా ఏమిటంటే మైక్‌సెట్ వాడు దాన్ని ఆపడానికి పరిగెడతాడు, మిజుతాని దాని మీదెక్కి స్వారీ చేస్తాడు. ఒక అడుగు ఆంప్ వైపు వేస్తే ఒక స్వరం, పక్కకి తిరిగితే ఇంకోటి. దాని మీద ఎకో, దాని మీద ఫజ్, అంటే సౌండుని గరగరలాడించే ఎఫెక్ట్. మూడో పాట 'మంచు మంట'లో ఈ పని ఎంత దూరం వెళ్తుందంటే, కొన్నిచోట్ల గిటారు వాయిస్తున్నాడని అనిపించదు, గేటు తీశాడు, వస్తోంది, అంతే.

కానీ ఒక్కటి చెప్పాలి, అన్ని పాటలూ అంత బాగుండవు. నాలుగోది, 'జ్ఞాపకం దూరం' అన్న అర్థంలో ఉంటుంది పేరు, బరువుగా, నెమ్మదిగా ఈడ్చుకుంటూ వెళ్తుంది, నాకు ప్రతిసారీ మధ్యలో ధ్యాస పోతుంది. అభిమానులు నన్ను కొట్టినా సరే, అది పొడుగెక్కువ. రెండో సీడీలో 'రాత్రి పంట కోసేవాళ్లు' మాత్రం చురుగ్గా ఉరుకుతుంది, అంత చీకటి తర్వాత కిటికీ తీసినట్టుంటుంది. మొదటి పాట 'ఎంటర్ ద మిర్రర్' గురించి అందరూ మెచ్చుకుంటారు, అది నిజంగానే అందమైన పాట. కొత్తగా వినేవాళ్లు అక్కడే మొదలుపెట్టండి, గేటు దగ్గరే భయపెట్టదు.

మిజుతాని గొంతు గురించి చెప్పాలంటే మా అమ్మ మాటే చెప్పాలి, అంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు. అమ్మ రెండు నెలలకని మా దగ్గరికి వచ్చింది. మేముండే నిషికసాయిలో మన సరుకులు దొరకని ఇబ్బంది లేదు, ఆ మధ్యాహ్నం ఇండియన్ షాపు నుంచి తెచ్చిన చింతపండు పేపర్ మీద వేసుకుని గింజలు తీస్తోంది. నేను లాప్‌టాప్‌లో చిన్నగా, చాలా చిన్నగా (కాగితం తర్వాత బుద్ధొచ్చింది) ఈ ఆల్బమ్ పెట్టుకుని ఏదో పని చేసుకుంటున్నా. కాసేపు ఊరుకుంది.

'ఏరా, ఎవరో బావిలో పడ్డట్టున్నాడు పాపం' అంది.

అదే. సరిగ్గా అదే. ఆ గొంతుకి వేసిన ఎకో వల్ల మనిషి మన ముందు ఉండడు. ఎక్కడో లోతున ఉండి పైకి పిలుస్తున్నట్టుంటుంది. అలాగని సాయం చెయ్యండని అరవడు. తొందర లేదు, ఏడుపు లేదు. బావిలో ఉన్నాను, ఇక్కడ ఇలా ఉంది అని చెప్పుకుపోతున్నట్టు పాడతాడు. జపనీస్ కొంచెం వచ్చిన నాకే సగం మాటలు అందవు. నా జపనీస్ బాస్‌ని అడిగితే ఆయనకీ అందలేదన్నాడు, అప్పుడు కొంచెం ధైర్యం వచ్చింది. అందిన మాటల్లో రాత్రి, చీకటి, నువ్వు, దూరం ఎక్కువ.

అమ్మ ఇంకోటి కూడా అడిగింది. 'అంత అరుస్తున్నాడు కదా ఆ తీగల వాయిద్యం, కింద కొట్టేవాళ్లకి విసుగు రాదూ, ఒకటే కొట్టుడు?' నాన్న చనిపోయి అప్పటికి నాలుగేళ్లు. మిల్లు ఎప్పుడో అమ్మేశారు, ఆ స్థలంలో ఇప్పుడు ప్లాట్లు వేశారు. నేనేమీ అనలేదు. 'విసుగొస్తే మానేసేవాళ్లు కదమ్మా' అన్నాను. 'ఏమో, జీతానికేమో' అంది, గింజ తీసి గిన్నెలో వేస్తూ.

తచికావా వెళ్లింది కిందటి చలికాలంలో. భవనం కోసం వెతకాలని కాదు. ఊరు చూద్దామని, ఆ ఊళ్లో నడుస్తూ ఈ ఆల్బమ్ వింటే ఎలా ఉంటుందో చూద్దామని వెళ్లా. మా ఇంటి నుంచి తోజాయ్ లైన్‌లో మితాకా దాకా, అక్కడ చువో లైన్ మారితే గంటపైన పడుతుంది. దారిలో కిచిజోజి వస్తుంది, ఓజ్ ఉన్న ఊరు. రైలు ఆగి తలుపులు తెరుచుకుంటే కాలేజీ అమ్మాయిలు కేకు డబ్బాలు పట్టుకుని ఎక్కారు.

తచికావా గురించి వెళ్లే ముందు కొంచెం చదివితే కళ్లు తెరుచుకున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ పెద్ద అమెరికన్ వైమానిక స్థావరం ఉండేది. 1950ల మధ్యలో రన్‌వే పొడిగించాలని పక్కనున్న సునగావా ఊరి పొలాలు అడిగితే రైతులు తిరగబడ్డారు, విద్యార్థులు, కార్మిక సంఘాల వాళ్లు వచ్చి కలిశారు, సర్వే మేకులు పాతడానికి వచ్చిన వాళ్లకీ వీళ్లకీ మధ్య తలలు పగిలాయి. నేలలో మేకులు దిగినా మా గుండెల్లో దిగవు అన్నది వాళ్ల నినాదం. చివరికి రన్‌వే పొడిగింపు మానుకున్నారు. స్థావరం మొత్తం జపాన్ చేతికి తిరిగొచ్చింది ఎప్పుడనుకుంటున్నారు? 1977 నవంబర్ 30. అంటే ఈ కచేరీ జరిగిన మార్చి రాత్రికి ఆ ఊళ్లో అమెరికన్ స్థావరం లెక్కప్రకారం ఇంకా ఉంది, కొన్ని నెలల్లో పోబోతోంది. పదేళ్ల కిందట వీధుల్లోకొచ్చిన విద్యార్థులందరూ అప్పటికి టై కట్టుకుని ఉద్యోగాల్లో చేరిపోయారు. మిజుతాని ఒక్కడే ఇంకా అదే కళ్లద్దాలతో, అదే పాటలతో ఉన్నాడు. ఈ రెండింటికీ ముడిపెట్టి పెద్ద కథ అల్లొచ్చు, విమానం కథలాగే, కానీ పైన అంత మాట అన్నాక నేను అల్లకూడదు.

స్థావరం ఉన్న నేలలో ఇప్పుడు షోవా కినెన్ పార్క్ అని పెద్ద పార్కు ఉంది, 1983లో తెరిచారు. టికెట్ కొనుక్కుని వెళ్లాలి. మధ్యలో కనుచూపు మేర గడ్డి మైదానం, దాని నడుమ ఒక్క పెద్ద కెయాకి చెట్టు, చలికాలం కదా, ఆకులన్నీ రాలిపోయి కొమ్మలు మాత్రం ఉన్నాయి. దాని కింద పిల్లలు బంతి ఆడుకుంటున్నారు. నేను ఒక బెంచీ చూసుకుని, కన్వీనియన్స్ స్టోర్‌లో కొన్న వేడి కాఫీ డబ్బా చేతిలో పట్టుకుని, చివరి పాట పెట్టాను.

ఆ పాట పేరు 'ద లాస్ట్ వన్'. దాదాపు ఇరవై అయిదు నిమిషాలు. ఎన్ని కచేరీల టేపులు విన్నా చివర వచ్చేది ఎక్కువగా ఇదే. పాట మధ్యలోకి వచ్చేసరికి నాకు 'డుగుడుగుడుగు' అని కొత్త చప్పుడు వినపడింది. ఇన్నిసార్లు విన్నా ఎప్పుడూ పట్టుకోలేదే, డ్రమ్స్ కింద ఇంకోటి ఉందే అని సంబరపడిపోయాను. ఎడమ చెవిలో ఎక్కువ, కుడి చెవిలో తక్కువ. మెల్లగా పెరుగుతోంది. ఆహా మిమాకి అనుకున్నా. తీరా తల ఎత్తితే ఆకాశంలో హెలికాప్టర్. పార్కు పక్కనే ఆత్మరక్షణ దళాల ఎయిర్‌ఫీల్డ్ ఉంది, స్థావరంలో కొంత ముక్క వాళ్లకి మిగిలింది. హెలికాప్టర్ చెట్టు మీంచి వెళ్లిపోయింది. పాట నడుస్తూనే ఉంది. మా నాన్నయితే ఇది బెల్టు చప్పుడు కాదని ముందే చెప్పేసేవారు.

ఇంటికొచ్చాక మళ్లీ అదే చోట విన్నాను, హెలికాప్టర్ లేకుండా. వెలితిగా అనిపించింది.

ఈ ఆల్బమ్ ఇప్పుడు దొరకడం కష్టం కాదు, అది చెప్పకపోతే ఇదంతా రాసి లాభం లేదు. మిజుతాని 1990ల తర్వాత జనం కంటికి దాదాపు కనపడకుండా పోయాడు. 2019లో చనిపోయాడు, ఆ కబురు లోకానికి తెలిసింది 2021లో. ఆ తర్వాత పాత టేపులన్నీ సరైన చేతుల్లో పడ్డాయి. మకోతో కుబోతా అని, మొదటి రోజుల్లో ఈ బ్యాండ్‌లో వాయించి తర్వాత సొంతంగా పేరు తెచ్చుకున్న సంగీతకారుడు, ఆయన కూర్చుని శుభ్రం చేశాడు. 2022లో టెంపొరల్ డ్రిఫ్ట్ అనే లేబుల్ నుంచి ఓజ్ టేపులు వచ్చాయి, అదే ఏడాది 1991 నాటి మూడు ఆల్బమ్‌లూ మళ్లీ వచ్చాయి. నేను కొన్నది ఆ కొత్త సీడీ.

పాతదానికీ దీనికీ తేడా ఏమిటని అడిగితే, నేను భయపడ్డట్టు కడిగి ఆరేసినట్టు లేదు. మిల్లు అలాగే ఉంది, దుమ్ము అలాగే ఉంది. కాకపోతే కింద బేస్ ఇంకాస్త గుండ్రంగా, దగ్గరగా వినపడుతోంది. యూట్యూబ్‌లో ఎక్కించిన దొంగ కాపీలో బేస్ గోడ అవతల పక్కింట్లో వాయిస్తున్నట్టుండేది. కుబోతాకి నా నమస్కారం. కొందరికి ఆ దొంగ కాపీయే బాగుందట, అంత మురికిలోనే అందం ఉందట. వాళ్లతో నేను వాదించను, పాత ప్రింట్‌లో గీతలు పడ్డ సినిమానే ఇష్టపడేవాళ్లు నాకూ ఉన్నారు చుట్టాల్లో.

వినాలనుకుంటే నా సలహా ఇదీ: ఇయర్‌ఫోన్లు కాదు, చెవి మీద కూర్చునే పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకోండి, వాల్యూమ్ సగం చాలు, నిజంగా చాలు. నేను మొదట్లో ఎక్కువ పెట్టి రెండు రోజులు చెవిలో ఈల మోగుతూ తిరిగాను, ఆ టెన్షన్ మీకొద్దు. 'ఎంటర్ ద మిర్రర్' పెట్టి, గిటారుని పట్టించుకోకుండా బేస్ ఒక్కటే వినండి, అది తప్పిపోతే మళ్లీ వెతికి పట్టుకోండి. రెండో పాటకి వచ్చేసరికి గిటారు దానంతట అదే విడివడుతుంది. అప్పటికీ చెవిలో ఇసుకే పోసినట్టుంటే ఆపెయ్యండి, తప్పేం లేదు. నేనూ ఆరు నెలలు ఆపాను.

మొన్న ఆదివారం అమ్మకి వీడియో కాల్ చేస్తే మాటల మధ్యలో 'ఆ బావిలో పడ్డాయన్ని ఇంకా వింటున్నావా' అని అడిగింది. వింటున్నానమ్మా, ఆయన 2019లోనే పోయాడు అన్నాను. 'అయ్యో' అంది. కాసేపు ఆగి, 'పెళ్లాం పిల్లలు ఉన్నారా?' అంది.

'అవన్నీ నాకెలా తెలుస్తాయమ్మా?'

'అంతసేపు వింటావు కదరా' అంది.